మా చిన్నాన్న రెండో పుట్టుక

ఈ మధ్య పొట్లాల్లో వస్తున్న నెయ్యికి వాసన ఉండడం లేదు. ఇది పెద్ద ఫిర్యాదేమీ కాదనీ, దేశంలో ఇంతకన్నా ఘోరాలు జరుగుతున్నాయనీ మా కోడలు గుర్తు చేస్తూనే ఉంటుంది. అయినా వేడి అన్నంలో చెంచాడు వేసుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఆవిరి తప్ప మరేమీ తగలకపోతే, ఎనభై దాటిన మనిషి ఎవరితో చెప్పుకోవాలి? కోడలు గిన్నె మూత తీసి చూసి, "బాగానే ఉందత్తయ్యా, మీ ముక్కే..." అని, మిగతాది మర్యాదకొద్దీ మింగేస్తుంది. నా ముక్కు సంగతి ఎలా ఉన్నా నెయ్యి విషయంలో నా మాటకి కాస్త విలువ ఇవ్వాలి. అందరూ నెయ్యిని చెంచాతో చూస్తే నేను గంగాళంతో చూశాను. ఆ గంగాళంలోంచి మా చిన్నాన్న పుట్టడం కూడా చూశాను. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయి. విమానం నడిపి, యుద్ధం చేసి, కాలు చెడగొట్టుకుని, ఇక చాల్లే అని సైన్యంవాళ్ళు ఇంటికి పంపేసిన మనిషి.

మాది చీపురుపల్లి. తాతది గోగునార వ్యాపారం. స్టేషనుకి పోయే రోడ్డు మీద కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే నారకట్టలు పేర్చే గోదాం. నీళ్ళలో కుళ్ళబెట్టి తీసిన నార ఎంత ఎండినా చెరువు అడుగు వాసన దాన్ని వదిలేది కాదు. ఆ వాసనలోనే మేం దాగుడుమూతలాడాం, చింతపిక్కలాడాం, ఎండలు ముదిరాక తాటిముంజెల్ని బొటనవేలితో పొడిచి తాగి జాకెట్ల నిండా మరకలు చేసుకున్నాం, జీడిమామిడి పళ్ళు తిని గొంతులు పట్టించుకున్నాం, పొద్దున్నే మామ్మ పోసే చోడంబలిలో, అంటే రాగి అంబలిలో, ఉల్లిపాయ నంజుకుని ఆవలిస్తూ బడికి పోయాం. వానాకాలం వెళ్ళాక నారబళ్ళు వరసగా వచ్చి ఆగేవి. ఎడ్ల మెడల్లో గంటలు, తాత గొంతు, తూకం రాళ్ళ చప్పుడు, ఈ మూడూ కలిసి మోగితే ఇల్లు చల్లగా ఉన్నట్టు లెక్క.

ఇలాంటి ఇంట్లో పైలట్ ఎలా పుట్టాడన్నది తాతకే అంతుపట్టలేదు. చిన్నకొడుకుని మద్రాసు పంపింది చదువు నేర్చుకుని వచ్చి కొట్లో కూచుంటాడని. ఆయన అక్కడ గాలిలో కూచోవడం నేర్చుకున్నాడు. తాత దృష్టిలో విమానం కూడా ఒక రకం బండే. అంత దూరం ఊరికే పోయే బండి మీద నాలుగు నారకట్టలు ఎందుకు వెయ్యరో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. విశాఖపట్నం మీద జపానువాళ్ళు బాంబులు వేసినప్పుడు అక్కడి జనం పెట్టెలతో, మేకలతో, వీధి తలుపులతో సహా మా ఊరిదాకా వచ్చారు. ఆ రోజుల్లో మా గోదాంలో నారకన్నా విశాఖపట్నమే ఎక్కువ. చిన్నాన్నకి పెళ్ళయింది ఆ హడావిడి అణిగిన తరవాతే. బొబ్బిలి అమ్మాయి, కనకం పిన్ని. ఆయన సెలవు అయిపోగానే బర్మా వైపు వెళ్ళిపోయాడు. ఒకసారి మా ఊరి మీదుగా ఏదో విమానం పోతుంటే మామ్మ పెరట్లోకి పరిగెత్తి, తల ఎత్తి, "అన్నం తిన్నావురా?" అని అరిచింది. జవాబు రాలేదు గాని, అడిగినందుకు ఆవిడ మనసు కుదుటపడింది.

తరవాత టెలిగ్రాం వచ్చింది. తప్పిపోయాడు, మరణించినట్టు నమ్ముతున్నాం అని. ఈ నమ్మడమన్న మాట దగ్గరే తాత ఆగిపోయాడు. సర్కారు నమ్మినంత మాత్రాన కొడుకు పోతాడా అని ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిపాడు. ఈలోగా ఇంట్లో ఏవేవో జరిగాయి. నూతి చేద తాడు తెగింది, తోడు వేసిన పాలు వారంపాటు పేరుకోలేదు, మిట్టమధ్యాహ్నం పెరట్లోంచి ఎవరో "అమ్మా" అని పిలిచారని మామ్మ పళ్ళెం వదిలేసి లేచింది. మా పురోహితుడు పంతులుగారు అన్నీ విని, కర్మ జరగక ఆ అబ్బాయి గాలిలోనే తిరుగుతున్నాడన్నారు. బతికుండగా చేసింది కూడా అదే కదా అని ఎవరికీ తోచలేదు.

శవం లేనప్పుడు ఏం చేస్తారో నాకు అప్పుడే తెలిసింది. ఊరవతల గెడ్డ అనే వాగు ఒడ్డున మోదుగాకులు పరిచి, దర్భలతో కట్టి, మనిషి ఆకారం చేశారు. తలకి కొబ్బరికాయ. ఆడపిల్లలు రాకూడదన్నారు గనక నేను తాటిచెట్ల వెనక నుంచి చూశాను. ఆకుల మనిషి చిన్నాన్న కన్నా పొట్టిగా ఉన్నాడు. కొబ్బరికాయకున్న మూడు కళ్ళూ నా వైపే ఉన్నాయి. మంట అందుకున్నాక అది ఫట్‌మని పగిలింది. ఆ తరవాత చాలాకాలం మా ఇంట్లో పిల్లలెవరూ కొబ్బరి పచ్చడి ముట్టలేదు. పెద్దలకి కారణం తెలియక, పచ్చడిలో కారం తగ్గిస్తూ పోయారు.

పదోరోజున పిండం పెట్టారు. కాకి ముడితే పోయినవాడికి తృప్తి కలిగినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కాకి కోసం మధ్యాహ్నందాకా ఎండలో నిలబడి, లేని ఆస్తులు కూడా పంచుతామని మాటిచ్చిన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. చిన్నాన్న విషయంలో ఆ అవసరం రాలేదు. పిన్ని చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపింది. ఆవిడ కళ్ళు తెరిచేసరికి ఒక బొంతకాకి ఆకు పక్కన ఉంది. ఎటునుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. అది తల వంచి పిన్నినే కాసేపు చూసి, ఎన్నాళ్ళో తిండి లేనిదానిలా ముద్దంతా తిని, అరవకుండా ఎగిరిపోయింది. అందరూ హమ్మయ్య అన్నారు. పిన్ని మాత్రం అక్కడే కూలబడింది. ఆ సాయంత్రం గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, వంటింటి పక్క చీకటిగది ఇచ్చారు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో.

ఊరు కూడా తన వంతు చేసింది. పఠనమందిరంలో సంతాపసభ పెట్టి, చిన్నాన్న ఫొటో పెద్దది చేయించి, బొట్టు పెట్టి, దండ వేసి, గోడకి కొట్టారు. హెడ్మాస్టరు గారు కన్నీళ్ళు పెట్టించేలా మాట్లాడారు. చిన్నాన్న బడిలో ఉన్నప్పుడు ఆయన్ని రోజూ బల్ల ఎక్కించి నిలబెట్టింది ఈయనే. అంత ఎత్తు అప్పుడే అలవాటు చేశానని గుర్తు చేసుకున్నారు.

మా వైపు మిట్టమధ్యాహ్నమంటే దెయ్యాల పొద్దు. చిన్నాన్న దిగిన రైలు ఆ వేళకే వచ్చింది. వీధిలో పురుగు లేదు. రోడ్డు మీద గాలి నీళ్ళలా ఆడుతోంది. మామ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది, నేను పిక్కలు ఏరుకుంటున్నాను. స్టేషను వైపు నుంచి ఖాకీ బట్టల్లో ఒక మనిషి, ఒక కాలు ఈడుస్తూ, నీడ లేకుండా వచ్చాడు. ఆ వేళకి ఎవరికీ నీడ పడదన్న సంగతి నాకు తరవాత బడిలో చెప్పారు. ఎదురింటి తలుపు, పక్కింటి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాయి. మామ్మ లేవలేదు, అరవలేదు. చింతపండు పక్కకి పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఏటి కావాల నాయనా?"

"అమ్మా, నేనే."

"నువ్వేనని తెలస్తన్నాది. ఏటి తక్కువైనాదో సెప్పు. అన్నీ సేసినాం గదరా. కాకి కూడా ముట్టినాది."

ఆయన కాసేపు ఆలోచించి, "ఆకలేస్తన్నాదమ్మా," అన్నాడు.

మామ్మ లోపలికి వెళ్ళి అన్నం, పప్పు తెచ్చి, అరుగు కింద, వీధిలో, ఆకు వేసింది. దగ్గరికి వెళ్ళకుండా వంగి వడ్డించింది. ఆయన తినబోయే ముందు కుడివైపు పిడికెడు అన్నం తీసి విడిగా పెట్టాడు. తరవాత తినడం మొదలుపెట్టాడు. పప్పు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అడిగాడు. గిన్నె అడుగు గీకే చప్పుడు విన్నాక గాని మామ్మకి నమ్మకం కుదరలేదు. "దెయ్యమైతే ఇంత తినదు," అంది నాతో. ఆ తరవాతే ఏడ్చింది.

శత్రువుల చెరలో ఉన్నవాడు యుద్ధం ముగియడంతో బయటపడ్డాడు. బతికే ఉన్నాడన్న టెలిగ్రాం ఆయన వచ్చిన తరవాత వచ్చింది. అది కూడా ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు.

పంతులుగారు వచ్చి వీధిలోంచే చూశారు. సంతోషించారు. సంతోషించి, తాతని పక్కకి పిలిచారు.

"శెట్టిగారూ, అబ్బాయి వచ్చేడు, అంతా దైవకృప. కాని అబ్బాయి లేడు."

"ఎదర కూకున్నాడు గదయ్యా!"

"కూచుంటే సరా? మోదుగాకులతో దహనం చేసేం, పిండం పెట్టేం. శాస్త్రప్రకారం పోయినవాడే. తిరిగొచ్చినవాడు తిరిగి పుట్టాలి. నేతిలో మునిగి లేవాలి, జాతకర్మ, బారసాల, ఒడుగు, ఆ పైన పెళ్ళి. తన పెళ్ళానికే అయినా మళ్ళీ తాళి కట్టాలి."

"అయితే రేపే కానిచ్చీండి."

"మౌఢ్యమి నడుస్తోందండీ. శుభకార్యాలు కుదరవు. అది వెళ్ళేదాకా..." పంతులుగారు తగిన మాట కోసం వెతుక్కున్నారు. "అబ్బాయి అలాగే ఉండాలి."

అలా మా చిన్నాన్న మౌఢ్యమి వెళ్ళేదాకా చనిపోయి గోదాంలో ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఆయన ఇంటి గడప దాటకూడదు. ఆకు గుమ్మం దగ్గర పెట్టి దూరం జరిగేవారు. మాకు ఒకటే బెంగ, ఆయన పాదాలు. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయని ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు, ఆయన చూస్తే బూట్లు విప్పడు. చివరికి ఒక సాయంత్రం నారకట్టల మీద కూచుని విప్పాడు. ఒక పాదం తిన్నగానే ఉంది. రెండోది, విరిగి ఎలా పడితే అలా అతుక్కున్నది, పూర్తిగా పక్కకి తిరిగి ఉంది. ముందుకీ కాదు, వెనక్కీ కాదు. మా పిల్లల పంచాయితీ ఏ తీర్పూ ఇవ్వలేక లేచిపోయింది.

ఆయన పగలంతా మంచిగానే ఉండేవాడు. పొద్దు వాలేవేళకి మాత్రం గోదాం గుమ్మంలో కూచుని, భుజం మీదుగా వెనక్కి తిరిగి, ఒడియాలో ఏదో అడిగేవాడు. లోపల చీకట్లో నారకట్టలు తప్ప ఏమీ లేవు. ఆయన జవాబు కోసం ఆగేవాడు, వినేవాడు, తల ఊపి మళ్ళీ ముందుకి తిరిగేవాడు. అంతే. ఒకసారి నేను ఆ జవాబుకి పట్టిన సమయమంతా ఊపిరి బిగబట్టి చూశాను. నాకు వినపడలేదు గాని, నార కట్ట మీద నుంచి ఎవరో లేచినప్పుడు వచ్చే చప్పుడు, పీచు సర్దుకునే చప్పుడు, వచ్చింది. ఎలకలని నాన్న అన్నాడు. మా గోదాంలో ఎలకలుండేవి, నిజమే.

వంటింటి కిటికీలోంచి గోదాం గుమ్మం కనిపిస్తుంది. మళ్ళీ తాళి పడేదాకా ఆయన్ని చూడకూడదని పిన్ని ఆ కిటికీ రెక్కలు మూసే ఉంచేది. కాని మూసిన రెక్కల మధ్య సందు ఉండేది. ఒకరోజు మామ్మ ఆకులో అన్నం సర్దుతుంటే పిన్ని వెనక నుంచి, "అత్తా, ఇద్దరికి సరిపడా ఎట్టు," అంది. మామ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన రోజూ ఆకులోంచి పిడికెడు విడిగా తీసిపెట్టడం పిన్ని ఆ సందులోంచి చూస్తోంది. ఊరంతా ఆవిడ అదృష్టాన్ని గురించి మాట్లాడుకుంటోంది. బొబ్బిలి నుంచి వాళ్ళమ్మ గాజులు పంపింది. పిన్ని వాటిని విప్పను కూడా విప్పలేదు. తను దండం పెట్టి అడిగితే వచ్చి తిన్నదెవరు, ఇప్పుడు గోదాంలో తింటున్నదెవరు, ఆ విడిగా పెట్టే పిడికెడు ఎవరికోసం? ఇది తేలకుండా ఆ మనిషి చేత తాళి కట్టించుకోవడం ఆవిడకి వీలుకాదు. కట్టించుకోకపోతే మొగుడు ఎదురుగా ఉండగా జీవితమంతా ఆ చీకటిగదే.

ఇంతలో సబ్‌కలెక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. యుద్ధంలో గెలిచిన సందర్భంగా ఊరూరా వీరుల్ని సన్మానిస్తున్నారు. మా ఊరికి ఉన్న ఒక్క వీరుడు చిన్నాన్న. దొరకి మౌఢ్యమి లేదు. తేదీ మార్చమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. శవప్రాయుడికి దండ వేస్తే వేసినవాళ్ళకి మైల అని పంతులుగారు, వీరుడికి దండ వెయ్యకపోతే ఊరికి మాట అని తాసీల్దారు. రెండు రోజులు తర్జనభర్జనలయ్యాక హెడ్మాస్టరు గారే దారి చూపించారు. ఫొటోకి ఇదివరకే దండ ఉంది, బొట్టు ఉంది, అభ్యంతరం చెప్పినవాళ్ళు లేరు. కనక సన్మానం ఫొటోకి చేద్దాం.

అలాగే చేశారు. పఠనమందిరం వేదిక మీద పెద్ద కుర్చీలో ఫొటోని కూర్చోబెట్టి, పట్టుశాలువా కప్పారు. కొత్త దండ వేశారు. సన్నాయి మోగింది. చిన్నాన్న వేదిక కింద, ఓ వారగా, చుట్టూ ఖాళీ వదిలిన బెంచీ మీద కూచుని, అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. దొర ఫొటోకి సెల్యూట్ చేసి, ఆ కుంటి మనిషి ఎవరని మునసబుని అడిగాడు. మునసబు కంగారులో, "దగ్గిర బంధువు దొరా," అన్నాడు. అది అబద్ధమని ఎవరూ అనలేరు.

తరవాత దొర ఇంగ్లీషులో చదివాడు, తాసీల్దారు తెలుగు చేశాడు. విమానానికి తూటాలు తగిలినా వీరుడు చెదరకుండా, అప్పగించిన పని పూర్తిచేసి, వెనకసీటులోని తుపాకీ మనిషిని కాపాడడం కోసం దూకకుండా విమానాన్ని అడవిలో దించాడని. వెనకసీటులో ఒక మనిషి ఉన్నట్టు మేం వినడం అదే మొదలు. చప్పట్లు సగంలో ఉండగా చిన్నాన్న లేచాడు. కాలు ఈడుస్తూ వేదిక ఎక్కుతుంటే మనుషులు మైల తగలకుండా అటూ ఇటూ ఒదిగారు. ఆయన తన ఫొటో మెడలోంచి దండ తీశాడు. పక్కనే ఇంకో కుర్చీ, ఎవరి కోసం వేశారో, ఖాళీగా ఉంది. దండని దాని వీపుకి వేసి, శాలువా తీసి దాని చేతుల మీద కప్పి, దిగి వచ్చి కూచున్నాడు. సన్నాయివాడు ఊదడం ఆపేశాడు. ఆ మధ్యాహ్నం గాలి లేదు. అయినా శాలువా అంచు మెల్లగా, ఎవరో మోకాళ్ళ మీదకి లాక్కున్నట్టు, జారింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చి కిటికీ అవతల నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిన్ని వేళ్ళు నా ఎముకల్లోకి దిగాయి. దొర మాత్రం ఇది మా దేశాచారమనుకుని, ఆ కుర్చీకి కూడా సెల్యూట్ చేశాడు.

మౌఢ్యమి వెళ్ళింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నెయ్యి వచ్చింది. పెరట్లో గంగాళం పెట్టి కాచి, చల్లార్చి పోశారు. ఆ వాసన వీధి చివరిదాకా పోయింది, నారవాసన మొదటిసారి ఓడిపోయింది. చిన్నాన్నని అందులో కూర్చోబెట్టి, పసిపిల్లాడిలా పిడికిళ్ళు బిగించుకోమన్నారు. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే మునిగాడు. నెయ్యి ఆయన తల మీద మూసుకుంది, పసుపుపచ్చగా, కదలకుండా. ఎంతసేపటికీ లేవలేదు. మామ్మ ఒక్క కేక వేసింది. అప్పుడు లేచాడు, జుట్టూ కళ్ళూ ముక్కూ ఏదీ విడిగా తెలియకుండా, నిజంగానే ఇంకా పూర్తిగా తయారుకాని మనిషిలా. ఆడవాళ్ళు పురిటిపాట ఎత్తుకున్నారు. బారసాలకి ఆయన ఉయ్యాల్లో పట్టడు గనక ఆయన ఖాకీ చొక్కాని పడుకోబెట్టి ఊపారు. పాతపేరే మళ్ళీ పెట్టారు, సూర్యనారాయణ. ఆ లెక్కన ఆయన నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. "ఇకనుంచి నన్ను అక్కా అనాల," అని నేను ఆజ్ఞాపించాను. "అలాగే అక్కా," అన్నాడు. వచ్చిన తరవాత ఆయన నవ్వడం అదే మొదలు. వారంరోజులు ఊళ్ళో కుక్కలన్నీ భక్తిగా ఆయన వెంట తిరిగాయి.

ఒడుగు కూడా అయ్యింది. పెళ్ళినాడు ఉదయం, పెరట్లో అందరూ చేరాక, పిన్ని పసుపుబట్టలు కట్టుకోకుండా ఆ తెల్లచీరతోనే బయటికి వచ్చింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నాకొకటి సెప్పాల. ఆ దినం గెడ్డకాడ దండం ఎట్టి అడిగినాను. నువ్వు నిజంగా పోయినోడివైతే ఒచ్చి తినిపో అని. కాకి ఒచ్చినాది. నా మొకం సూసి తిన్నాది. ఆ తిన్నదెవులు?"

"కాకికి ఏటి తెలస్తాదే పిచ్చిదానా?" అంది వాళ్ళమ్మ.

"తెలీకపోతే దానికి ఎందుకెట్టినారు?"

చిన్నాన్న నేల చూస్తూ చెప్పాడు. వెనకసీటు కుర్రాడి పేరు లింగరాజు. బరంపురం అవతల ఏదో పల్లె. విమానం దిగినప్పుడు ఈయనకి కాలు విరిగింది, ఆ కుర్రాడికి కడుపులో తూటా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ అడవిలో నడిచారు. తినడానికి ఏమీ లేదు. ఆ కుర్రాడు నడిచినంతసేపూ చద్దన్నం గురించే మాట్లాడాడు, వాళ్ళమ్మ రాత్రి నీళ్ళుపోసి ఉంచేది, పొద్దున్నే వాడు వడియం నంజుకుని తినేవాడు. "అన్నం ఉందా" అని అడుగుతూనే పోయాడు.

"తవ్వడానికి ఏటీ నేదు. తగలెయ్యడానికి అగ్గి నేదు. పెద్దపెద్ద ఆకులు కోసి కప్పినాను. ఆకులే. మొకం మీద కూడా ఆకులే." ఆయన తల ఎత్తాడు. "ఈడ మీరు ఆకులతో మనిషిని సేసి తగలెట్టినారని అమ్మ సెప్పిన కాణ్ణించి నాకు తెలస్తానే ఉన్నాది కనకం. ఆ మనిషి నేను కాను. ఆడు ఆకలితో ఉన్నాడు. నువ్వు పిలిస్తే ఆడు ఒచ్చినాడు. నా ఎనకాలే ఉండీవోడు గదా."

గంగాళం అడుగున మిగిలిన నెయ్యి పెరట్లో ఇంకా వాసనేస్తోంది. పిన్ని చాలాసేపు ఆయన మొహం చూసింది. తరవాత పంతులుగారి వైపు తిరిగింది.

"ముందు ఆడికి సెయ్యండి. పేరు ఎట్టి, సరిగ్గా. ఆనకే నాకు తాళి."

"ఆడి గోత్రం ఏటో, కులం ఏటో..." అని తాత మొదలెట్టాడు.

"కాకి అడిగినాదా మావా?"

తాత నోరు మూసుకోవడం మా ఇంటి చరిత్రలో అరుదు. పంతులుగారు గొంతు సవరించుకుని, గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యపగోత్రం చెప్పవచ్చని శాస్త్రం ఒప్పుకుంటుందన్నారు. ఆయన శాస్త్రంలో అలాంటి కిటికీలు అక్కడక్కడా ఉండేవి, గట్టిగా తోస్తే తెరుచుకునేవి. ఆ రోజే గెడ్డ ఒడ్డున లింగరాజుకి చద్దన్నం ముద్ద, వడియం పెట్టారు. పెళ్ళి మర్నాటికి వాయిదా పడింది. తాళి కట్టేవేళ చిన్నాన్న వెనక్కి తిరుగుతాడేమోనని నేను పెళ్ళి వదిలేసి ఆయన భుజాలే చూశాను. తిరగలేదు. ఆ తరవాత ఎప్పుడూ తిరగలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో మా పెద్దల తద్దినాలతోపాటు లింగరాజు తద్దినం కూడా పెట్టేవారు. కాలేజీ చదువులకి విజయనగరం వెళ్ళాక కూడా నేను ఆ రోజుకి తప్పకుండా వచ్చేదాన్ని, వడియాల కోసమని చెప్పుకునేదాన్ని. చిన్నాన్న పోయాక పిన్ని నడిపింది. పిన్ని పోయాక ఎవరూ నడపలేదు. గోదాం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. గోగునార పోయింది, ఎడ్లబళ్ళు పోయాయి, గెడ్డలో నీళ్ళకన్నా ప్లాస్టిక్ ఎక్కువ, మోదుగ ఎలా ఉంటుందో మా మనవలకి ఫోన్లో చూపించాల్సి వచ్చింది.

నిరుడు చీపురుపల్లి బళ్ళో చిన్నాన్న ఫొటో పెడుతూ, ఆయన యుద్ధసేవకి గౌరవసభ చేశారు. అప్పటి సంగతులు కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది నేనే గనక మాట్లాడమన్నారు. ఇప్పుడు మీకు చెప్పినట్టే అంతా చెప్పాను. దొర సెల్యూట్ దగ్గర నవ్వారు, ఆకుల దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. లింగరాజు తద్దినం సంగతికి మంచి చప్పట్లు పడ్డాయి. చప్పట్లు ఆగాక ఆడవాళ్ళ వరసలోంచి ఒకావిడ లేచింది. ఎచ్చెర్ల దగ్గర పల్లె ఆవిడది, కొడుకు ఎక్కడో సరిహద్దు మీద ఉన్నాడట. మైకు ఇవ్వబోతే అక్కర్లేదంది.

"అంతా బాగున్నాది అమ్మా. బరంపురమంటే మన పాసింజరు ఎక్కితే మద్దేన్నానికి దిగిపోతాం. ఇన్నేళ్ళు ఆడికి కూడు ఎట్టినారు గాని, ఆడి తల్లి కాడికి మీ ఇంటిలోంచి ఒక్కలైనా ఎల్లినారా?"